వరికీ రైసుకూ చుట్టరికమెంత?

జగిత్యాలకు ఆనుకొని ఉన్న పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ తయారైన వరి రకాల పేర్లు ఈ చుట్టుపక్కల రైతులకు బాగా తెలుసు. జగిత్యాల సన్నాలు, జగిత్యాల సాంబ, పొలాస ప్రభ, బతుకమ్మ. విత్తన సంచి మీద అదే రకానికి జెజిఎల్ 1798 లాంటి అంకె కూడా ఉంటుంది. పరిశోధన పత్రాల్లోకి వెళ్తే ఆ పంటకు ఇంకో రెండు పేర్లు ఎదురవుతాయి. ఇంగ్లీషులో రైస్, లాటిన్‌లో ఒరిజా సటైవా. ఈ రెండోది 1753లో లినేయస్ స్థిరపరచిన పేరు. సటైవా అంటే విత్తి పండించేది అని అర్థం.

ఒకే మడిలో నిలబడిన ఒకే పంటకు వరి, ఒరిజ, రైస్ అని మూడు పేర్లు. వరసగా పలికి చూస్తే ఒక ఇంటి పిల్లల పేర్లలా వినిపిస్తాయి. అందుకే "రైస్ అనే మాట మన వరి నుంచే పోయింది" అని తెలుగు సభల్లో తరచుగా వింటాం. తమిళులు అదే మాట అరిసి గురించి చెప్తారు. ఈ వాదం పుట్టి నూటయాభై ఏళ్ళు దాటింది. దీన్ని ఎవరు ముందుకు తెచ్చారు, ఎవరు కాదన్నారు, ఏ ఆధారం ఎంతవరకు నిలిచింది, ఇవాళ మనం ఎంత గట్టిగా చెప్పగలం? ఇవన్నీ ఒకచోట పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగువాడిగా నాకూ ఆ మాట నిజమైతే బాగుండుననే ఉంది. కాబట్టే ఆధారాలను ఇంకాస్త కఠినంగా చూడాలి.

ముందు తగాదా లేని భాగం. ఇంగ్లీషులోకి రైస్ 13వ శతాబ్దంలో వచ్చింది. ఇచ్చింది పాత ఫ్రెంచి, అక్కడ దాని రూపం రిస్. ఫ్రెంచివాళ్ళు ఇటలీ నుంచి తీసుకున్నారు, అక్కడ రిజో. ఇటలీవాళ్ళకు అది లాటిన్ ఒరిజ నుంచి దిగింది. మొదటి అచ్చు రాలిపోయి ఒరిజ కాస్తా రిజో అయింది. ఈ నాలుగు మెట్లలో ప్రతిదానికీ రాత ఆధారం ఉంది, ఏ శతాబ్దంలో ఏ రూపమో చూపించవచ్చు. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మాత్రం ఆరోజ్ అంటారు. ఆ మాట అరబ్బుల ద్వారా వేరే దారిలో వచ్చింది. అరబ్బీలో అది అర్రుజ్. స్పెయిన్ నీటి మళ్ళలో వరి నాటించింది కూడా అరబ్బులే. పేరూ పంటా అక్కడ కలిసే ప్రయాణం చేశాయి.

రోములో అలా జరగలేదు. రోమన్లకు మాట వచ్చింది కానీ పంట రాలేదు. క్రీస్తుకు పూర్వం 30 ప్రాంతంలో హోరేసు రాసిన ఒక వ్యంగ్య కవితలో రోగికి వైద్యుడు తాగించే జావగా ఒరిజ కనిపిస్తుంది. ఆ రోగి పిసినారి, జావ ధర విని గుండె బాదుకుంటాడు. ప్లినీ తన ప్రకృతి గ్రంథంలో దాన్ని ప్రస్తావించాడు. క్రీస్తుశకం 301లో డయోక్లెటియన్ చక్రవర్తి సరుకుల గరిష్ఠ ధరలు నిర్ణయిస్తూ ఇచ్చిన శాసనంలో కూడా ఒరిజ పేరుంది. ధనవంతుల ఇంట్లోనూ వైద్యుడి దగ్గరా ఉండే దిగుమతి సరుకు అది. ఇటలీలో పో నది మైదానంలో వరి సాగు నిలదొక్కుకున్నది 15వ శతాబ్దంలో. అంటే పదిహేను వందల ఏళ్ళపాటు ఆ నేల మీద పేరే బతికింది, పైరు లేదు.

లాటిన్‌కు ఆ మాట గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో ఒరుజ. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ వృక్షాల గురించి రాసిన గ్రంథంలో దాన్ని వర్ణించాడు. అలెగ్జాండర్ సైన్యం సింధు నది దాటి వచ్చి వెనుదిరిగిన తర్వాతి తరంలో రాసిన పుస్తకం అది. ఆ దండయాత్రలో స్వయంగా ఉన్న అరిస్టోబులస్ వరి గట్టు కట్టిన మళ్ళలో, నిలువ నీటిలో పెరుగుతుందని రాశాడు. ఆయన పుస్తకం పోయింది, ఆ భాగం స్ట్రాబో గ్రంథంలో మిగిలింది. కాలువ నీళ్ళు పెట్టి నాటు వేసే మన రైతు చదివినా ఆ వర్ణనలో తప్పు పట్టడు. అంతకు ముందే, క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో, సోఫోక్లిస్ నాటకమొకదానిలో ఒరింద రొట్టె అనే మాట ఉందని తర్వాతివాళ్ళు చెప్పారు. ఒరింద అంటే బియ్యమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ రూపంలో ఉన్న సున్నను గుర్తుంచుకోండి, దానితో ముందు పని ఉంది.

తగాదా ఇక్కడి నుంచి మొదలు. గ్రీకులకు ఆ మాట ఎవరిచ్చారు?

19వ శతాబ్దంలో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన బిషప్ కాల్డ్వెల్ పక్షం వాళ్ళు తమిళ అరిసి అన్నారు. అరిసి, ఒరుజ దగ్గరగా వినిపిస్తాయి. తమిళ రేవుల నుంచి గ్రీకు, రోమన్ ఓడలకు సరుకు పోయేది. ఈ రెండూ కలిపితే వాదం బలంగానే కనిపించింది. కానీ 1886లో యూల్, బర్నెల్ తమ హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో దానికి అడ్డు చెప్పారు. అరిసి నుంచి అనాలని మనసు లాగుతుందని ఒప్పుకుంటూనే కాలం కుదరదన్నారు. గ్రీకులు వరిని తెలుసుకున్నది అలెగ్జాండర్ నడిచిన నేల దారిన. ఋతుపవనాల గాలి పట్టి ఓడలు మలబారు తీరానికి నేరుగా రావడం రెండు మూడు వందల ఏళ్ళ తర్వాతి సంగతి. ఓడ వచ్చేనాటికే ఒరుజ గ్రీకు పుస్తకాల్లో ఉంది. కాబట్టి ఆ మాట పంజాబు వైపు నుంచో ఆక్సస్ లోయ నుంచో వచ్చి ఉండాలన్నది వాళ్ళ తీర్పు. ఆ తీర్పు ఈ నాటికీ నిలబడింది. అదే పద్దు కింద వాళ్ళు మన ప్రాంతపు సంగతి కూడా ఒకటి చెప్పారు. కోస్తా జిల్లాల చెరువుల పక్కన తెలుగువాళ్ళు నివ్వరి అని పిలిచే అడవి వరి విరివిగా పెరుగుతుందని వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాశాడని. నివ్వరిలో వరి ఉంది. ఆ సంగతి కూడా ముందు పనికొస్తుంది.

కాలం ఒక్కటే అడ్డు కాదు, ధ్వని కూడా. గ్రీకు ఒరుజలో మొదటి ఒకారం ఎందుకుంది? ఆనాటి ఏథెన్సు గ్రీకులో వకారం లేదు. పరాయి మాట వకారంతో మొదలైతే వాళ్ళు దాన్ని ఒకారంతోనో ఉకారంతోనో సరిపెట్టుకునేవారు. అంటే వాళ్ళు విన్న మాట వ్రి అనే ధ్వనితో మొదలై ఉండాలి. అరిసి అని విని ఉంటే ఒకారం పుట్టే అవసరమే లేదు. ఆఫ్ఘనిస్తాన్ పష్తో భాషలో బియ్యాన్ని నేటికీ వ్రిజె అంటారు. పారసీకంలో బిరింజ్. అక్కడి బకారం పాత వకారమే. గాలిని సంస్కృతంలో వాతమంటే పారసీకంలో బాద్ అంటారు, మన వింశతి వాళ్ళకు బీస్త్. మాట మాటకూ ఇదే వరస నడిచింది కనుక బిరింజ్ వెనక వ్రింజ్ ఉందనడానికి అభ్యంతరం లేదు. సోఫోక్లిస్ ఒరిందలోని సున్న, బిరింజ్‌లోని సున్న ఒకదానికొకటి సాక్ష్యం చెప్తున్నాయి. గ్రీకులకు ఈ మాట ఇరాన్ ప్రజల నోటి నుంచి అందిందన్నది ఇవాళ దాదాపు అందరూ ఒప్పుకునే సంగతి. బిర్యానీ కూడా బిరింజ్ నుంచే అనేవాళ్ళు ఉన్నారు. వేయించినది అని అర్థమున్న బిర్యాన్ నుంచి అనే పక్షానిదే పైచేయి.

సంస్కృతంలో ధాన్యానికి వ్రీహి అని పేరు. ఋగ్వేదంలో ఈ మాట లేదు, అక్కడున్న ధాన్యం యవలు. వ్రీహి అథర్వవేదంలో మొదటిసారి కనిపిస్తుంది. ఆర్యభాషలు మాట్లాడేవాళ్ళు గంగ వైపు జరిగిన కాలం అది. వ్రీహికీ వ్రిజెకూ మధ్య హకార జకారాల తేడా కొత్తదేమీ కాదు. సంస్కృతం అహం అన్నదాన్ని అవెస్తా అజెం అంటుంది, లాటిన్ ఎగో అంటుంది. అయితే బిరింజ్‌లోని సున్న వ్రీహిలో లేదు. ఒకటి రెండోదాని నుంచి నేరుగా వచ్చి ఉంటే ఆ సున్న ఎక్కడి నుంచి పుట్టింది? అందుకే మైకేల్ విట్జెల్ వంటి పండితులు సంస్కృతమూ ఇరాన్ భాషలూ ఈ మాటను మూడో ఇంటి నుంచి విడివిడిగా తెచ్చుకున్నాయని భావించారు. లాటిన్, గ్రీకు, సంస్కృతం పుట్టిన ఆదిభాషలో వరికి పేరు లేదు. ఆ భాష మాట్లాడినవాళ్ళు వరి పండే నేల చూడలేదు కాబట్టి ఉండాల్సిన పనీ లేదు.

ఆ మూడో ఇల్లు మనదేనా?

మనం నిలబడిన పైరును వరి అంటాం. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి పోతే గోండులు వంజి అంటారు. మనకు లేని సున్న వాళ్ళ మాటలో ఉంది. ఇంకా తూర్పున బస్తరు, కోరాపుట్ వైపు చిన్న ద్రావిడ భాషల్లోనూ ఇదే కుదురు మాటలున్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి, పాత రూపం వరించి లాంటిదై ఉండాలని ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్ వంటివారు ఊహించారు. వరించి, వ్రింజ్, వ్రీహి, ఒరింద వరసలో పెడితే పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాల్డ్వెల్ అరిసి దగ్గర మొదలుపెట్టాడు. ఆయన వెతికిన చుట్టరికం తమిళం కంటే తెలుగులోనూ గోండీలోనూ బాగా కనిపిస్తున్నది, ఎందుకంటే మొదటి వకారాన్ని నిలుపుకొన్నది ఈ భాషలు. అరిసి, వరి ఒకటే మాటా కాదా అన్న విషయంలో కూడా పండితులకు ఏకాభిప్రాయం లేదు. బరో, ఎమెనో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వాటిని వేరువేరు పద్దుల్లో పెట్టింది.

ఇక్కడ ఆగి అవతలి పక్షం చెప్పేది వినాలి. వాళ్ళ అభ్యంతరాలు తేలికవి కావు.

మొదటిది రాత ఆధారం. తెలుగులో దొరికిన తొలి పూర్తి శాసనం కలమళ్ళది, సుమారు 575 నాటిది. థియోఫ్రాస్టస్‌కూ దానికీ మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు. ఆ కాలంలో వరి అనే మాట మన నోట ఏ రూపంలో ఉందో చూపించే అక్షరం లేదు. గోదావరి ఒడ్డున, జగిత్యాల జిల్లాలోనే, కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి నాణేలు, వాళ్ళకంటే ముందు ఏలినవారి నాణేలు దొరికిన చోటు. అంత పాత రాత మన జిల్లా మట్టిలోనే ఉందంటే గర్వించవలసిందే. కానీ ఆ నాణేల మీద ఉన్నవి ప్రాకృతంలో రాసిన రాజుల పేర్లు. పంట పేరు ఒక్కటీ లేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, అది మట్టిలోంచే వచ్చింది. డోరియన్ ఫుల్లర్ వంటి పురావృక్ష శాస్త్రవేత్తలు దక్షిణాది నవీన శిలాయుగపు బూడిద దిబ్బల్లోని మాడిన గింజలను ఏరి చూశారు. దొరికినవి అండుకొర్రలు, కొర్ర జాతి గింజలు, ఉలవలు, పెసలు. వరి చాలా ఆలస్యంగా, ఇనుప యుగంలోకి వచ్చాక గానీ ఇక్కడ పాదుకోలేదు. వరిని మచ్చిక చేసిన మొదటి కేంద్రం చైనాలో యాంగ్జీ లోయ, మన దేశంలో తొలి ఆనవాళ్ళు గంగా మైదానంలో. పంట ఉత్తరం నుంచి దక్షిణానికి దిగితే, పేరు దక్షిణం నుంచి ఉత్తరానికి ఎలా ఎక్కుతుంది?

దీనికి సమాధానాలు లేకపోలేదు. ఆ రోజుల్లో ద్రావిడ భాషలు ఇంకా ఉత్తరాన, గుజరాత్ మహారాష్ట్ర ప్రాంతాల్లోనూ మాట్లాడేవారని సౌత్‌వర్త్ చాలా కాలంగా వాదిస్తున్నారు. ఇంకొకటి, పేరు పుట్టడానికి సాగే అక్కర్లేదు. చెరువు అంచున తనంత తాను మొలిచే నివ్వరిని ఏరుకొని తిన్నవాళ్ళు దానికో పేరు పెట్టి ఉంటారు. వరిగలు అనే చిరుధాన్యం పేరులోనూ వరి వినిపిస్తుంది. గడ్డిజాతి గింజకు ఉన్న పాత పేరు తర్వాత వచ్చిన పెద్ద పంటకు అంటుకొని ఉండవచ్చు. ఇక మూడో పక్షం ఉంది. గంగా మైదానంలో వరి పండించిన ఏదో పాత జాతి భాష, మన దగ్గరికి అక్షరం కూడా మిగలకుండా పోయిన భాష, ద్రావిడానికీ సంస్కృతానికీ ఇరానుకూ ఈ మాట ఇచ్చిందని. ముండా భాషలవాళ్ళ వైపు చూసినవారూ ఉన్నారు గానీ, వాళ్ళ వరి మాటలు రూపంలో చాలా దూరం.

నాకు ఈ మూడో పక్షమే ఎక్కువ న్యాయంగా తోస్తున్నది. పంట వచ్చిన దిక్కుకూ, సున్న ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడానికీ రెంటికీ అదొక్కటే సమాధానం చెప్తుంది. వరి, వంజి, వ్రీహి, బిరింజ్, ఒరిజ, రైస్ ఒకే కుటుంబమన్నది దాదాపు నిశ్చయం. అందులో వరి తల్లి అనడానికి మన దగ్గర ఉన్న కాగితం చాలదు. అక్కచెల్లెళ్ళు అనవచ్చు. అక్క ఎవరో తేల్చే పుట్టుకపత్రం ఇంకా దొరకలేదు.

వరిని వదిలి కోరుట్ల పసుపు దగ్గరికి వస్తే పేరు కథ మారుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టూ ఉన్న ఊళ్ళు పసుపుకు పేరుపొందినవి. కొమ్ము వేరు, గోళ వేరు చేసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాద్ మార్కెట్‌కు తోలడం ఇక్కడివాళ్ళకు తరాల పని. జాతీయ పసుపు బోర్డును 2025 జనవరి 14న నిజామాబాద్‌లో ప్రారంభించారు. ఈ పసుపునే ఇంగ్లీషువాళ్ళు టర్మరిక్ అంటారు. 15వ శతాబ్దంలో వాళ్ళ రాతల్లో అది టర్మరైట్ లాంటి రూపంలో మొదలైంది. నిఘంటువులు దాన్ని మధ్యయుగపు లాటిన్ టెర్రా మెరిటాకు ముడిపెడతాయి. యోగ్యమైన మట్టి అని దాని అర్థం. ఫ్రెంచిలోనూ దాదాపు అదే రూపముంది. వింటే నమ్మబుద్ధి అవుతుంది, పసుపు పొడి పచ్చని మట్టిలాగే ఉంటుంది కదా. కానీ ఆ పొడికి యోగ్యత ఎందుకు అంటగట్టారో సరైన వివరణ ఎవరూ ఇవ్వలేదు. తూర్పు నుంచి సరుకుతో వచ్చిన, అర్థం తెలియని ఏదో పేరును లాటిన్ తెలిసిన గుమాస్తాలు తమకు అర్థమయ్యే రెండు మాటలుగా మలుచుకున్నారేమోనన్న అనుమానం పాతదే. నిఘంటువుల్లో బహుశా అనే మాట అందుకే ఉంటుంది. రైస్ దారి లాటిన్ దాటి గ్రీకు, ఇరాన్ దాకా స్పష్టంగా పోతే, టర్మరిక్ దారి లాటిన్ గడప దగ్గరే మసకబారింది.

పసుపుకు శాస్త్రవేత్తలు పెట్టిన లాటిన్ పేరు కుర్కుమా లోంగా. ఇది ఇంకా ఆసక్తికరం. కుర్కుమా అనేది అరబ్బీ కుర్కుమ్ నుంచి వచ్చింది, దాని పాత అర్థం కుంకుమపువ్వు. సంస్కృతంలో కుంకుమ అన్నా మొదట ఆ పువ్వే. రెండూ ఒక మూలానివే అని చాలామంది పండితుల మాట. పశ్చిమాన ఆ పేరు ఖరీదైన పువ్వు నుంచి జారి, అదే రంగిచ్చే చవక దుంపకు చేరింది. మన ఇళ్ళలోనూ అలాగే జరిగింది. నుదుట పెట్టుకునే కుంకుమను పువ్వుతో చేయం. పసుపులో సున్నం, నిమ్మరసం లాంటివి కలిపితే ఎర్రబడేదే మన కుంకుమ. ఎక్కడో బాగ్దాదు వైపు ఒక పేరు, ఇక్కడ కోరుట్ల పూజగదిలో దాని చుట్టం, రెండూ పువ్వును వదిలి పసుపు దగ్గరికే వచ్చి ఆగాయి. ఈ ఒక్క సంగతి కోసమైనా వ్యుత్పత్తి శాస్త్రం చదవవచ్చు. 1815లో వోగెల్, పెల్టియే అనే ఇద్దరు పసుపులోని రంగు పదార్థాన్ని విడదీసి కుర్కుమిన్ అని పేరు పెట్టారు. మందుల దుకాణంలో నేడు సీసాల్లో అమ్మేది అదే.

తెలుగు పసుపుకు ఈ గొడవలేవీ లేవు. పచ్చ, పసరు, పసిడి, పైడి, పసుపు ఒకే కుదుట్లో మొలిచిన అచ్చ తెలుగు మాటలు. అప్పు తెచ్చుకోలేదు, అప్పు పోలేదు.

పంటల నుంచి మగ్గానికి వస్తే, సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. భీవండి, షోలాపూర్‌లకు బతకపోయిన నేత కుటుంబాలు పనితో పాటు మరాఠీ నుంచి తెచ్చుకున్న మాట. సాంచెలు నడిపించుకునేవాళ్ళు ఆసాములు. ఆ సాంచెల చప్పుడు మధ్య నిలబడి టెక్స్‌టైల్ పార్కు అనే బోర్డు చదివితే, ఆ మొదటి మాట లాటిన్ టెక్సెరె నుంచి వచ్చిందని గుర్తుచేసుకోవాలి. టెక్సెరె అంటే నేయడం. టెక్స్‌టైల్ నేసినది. పుస్తకంలోని టెక్స్ట్ కూడా అదే మాట. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో క్వింటిలియన్ అనే రోమన్ గురువు వాక్య నిర్మాణాన్ని నేతతో పోల్చి వాడిన మాట అలా అక్షరాలకు అంటుకుంది. వడ్రంగిని చెప్పే సంస్కృత తక్షన్ కూడా ఆ ధాతువు చుట్టమే. ఇందులో వివాదం లేదు, ప్రతి మెట్టుకూ రాత ఉంది. పడుగూ పేకా తెలిసిన సిరిసిల్ల పిల్లవాడికి టెక్స్ట్ బుక్ మొదటి పేజీలోనే ఈ సంగతి చెప్పాలి. తాత చేసిన పని పేరే తన చేతిలోని పుస్తకానికి ఉందని తెలిస్తే ఆ బిడ్డ బడిని చూసే చూపు వేరుగా ఉంటుంది.

గల్ఫ్ వలసల వల్ల ఈ మూడు ఊళ్ళకూ బాగా తెలిసిన లాటిన్ మాట మరొకటి వీసా. కంపెనీ వీసా, ఆజాద్ వీసా, విజిట్ వీసా అనే తేడాలు ఇక్కడి అమ్మలకు కూడా తెలుసు. మూలం కార్టా విసా, అంటే చూడబడిన కాగితం. అధికారి చూశాడన్న గుర్తు. ఫ్రెంచి ద్వారా 19వ శతాబ్దంలో ఇంగ్లీషుకు వచ్చింది. చూడడం అనే ఆ లాటిన్ క్రియ, మన వేదం, విద్య అనే మాటల్లోని విద్ ధాతువు ఒకే తల్లి బిడ్డలు. ఈ చుట్టరికంలో పండితులెవరికీ సందేహం లేదు. ఎడారి దేశానికి పోయే మనిషి చేతిలోని కాగితం పేరులో చూపూ తెలివీ రెండూ ఉన్నాయి. ఆ మనిషికి మాత్రం కాగితంలో ఏముందో చదివి చెప్పినవాళ్ళు తక్కువ. జీతమెంత, పనేమిటి అన్నది దిగాక గానీ తెలియక, కల్లివెల్లి అయి, అంటే కంపెనీ వదిలి కాగితాలు లేకుండా, దాక్కుని బతికినవాళ్ళు ఈ ఊళ్ళలో గడప గడపకూ గుర్తున్నారు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ కల్లివెల్లి అనే మాటను ఏ తెలుగు నిఘంటువైనా ఎక్కించుకుందా అని వెతికితే నాకు కనిపించలేదు.

నా అసలు బాధ అదే. వరి గురించిన వాదం తేలకపోవడానికి కారణం పండితుల పట్టుదల కాదు. పాత మాట ఏ ఊళ్ళో, ఏ కాలంలో, ఏ రూపంలో ఉందో రాసి పెట్టినవాళ్ళు లేరు. లాటిన్ వైపు అంత స్పష్టత ఉందంటే జావ ధర దగ్గరి నుంచి రాసుకున్నారు కాబట్టి. మనకూ ఒక మంచి ప్రయత్నం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, అది వ్యవసాయ పదాలది. రెండోది 1971లో, చేనేత పదాలది. ఊరూరా తిరిగి, రైతునూ నేతగాణ్నీ అడిగి, ఏ మాట ఎక్కడిదో గుర్తు వేసి కూర్చిన పుస్తకాలవి. తర్వాత ఇన్నేళ్ళలో వరికోత మిషన్ వచ్చి కల్లం పోయింది. బంతి తోలడం, తూర్పార పట్టడం, గరిసె అనే మాటలు ముసలివాళ్ళ నోటనే ఉన్నాయి. కొనుగోలు కేంద్రం చుట్టూ తాలు, తరుగు, టోకెన్ అంటూ కొత్త మాటల పొలం మొలిచింది. సాంచెల మాటలు చేనేత సంపుటంలో చేరే వీలే లేకపోయింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో డిగ్రీ కాలేజీలున్నాయి, తెలుగు అధ్యాపకులున్నారు, ఊళ్ళ నుంచి వచ్చే విద్యార్థులున్నారు. ఈ యాసంగి కోతల్లోపు ఒక్కో విద్యార్థి తన ఇంట్లోని పెద్దల దగ్గర కూర్చొని యాభై మాటలు రాసుకొస్తే చాలు. మాట, అర్థం, చెప్పినవాళ్ళ వయసు, ఊరు, తేదీ. తేదీ మరచిపోవద్దు.